ఏ నెలలో ఏ పూలు? మల్లె, జాజి, చేమంతి, పారిజాతాల్లో మీ ఇంటికి సరిపడేది ఎంచుకోవడం ఎలా

ఏప్రిల్‌లో నర్సరీకి వెళ్లినవాళ్లు మల్లె మొక్కతో తిరిగి వస్తారు. డిసెంబరులో వెళ్లినవాళ్లు చేమంతి కుండీ తెచ్చుకుంటారు. అప్పటికి ఏది పూసి కనిపిస్తే దానిమీదకే మనసు పోతుంది. అయితే పూసి ఉన్న మొక్క తన కాలంలో సగం నర్సరీలోనే గడిపేసి ఉంటుంది. ఇంటికి తెచ్చిన రెండు మూడు వారాలకు పూత తగ్గిపోతుంది, మళ్లీ పూయాలంటే ఏడాది ఆగాలి. ఈలోగా ఓపిక నశించి కుండీని ఓ మూలకు నెట్టేసే ఇళ్లు చాలా ఉన్నాయి. మొక్కలో లోపమేమీ ఉండదు. దాన్ని ఎంచుకున్న పద్ధతిలోనే ఉంటుంది.

మీకు ఏ పువ్వు ఇష్టమన్నది రెండో ప్రశ్న. మీ ఇంట్లో ఏ నెలలు పూలు లేకుండా గడిచిపోతున్నాయి, ఆ నెలల్లో మీకున్న చోట ఎండ ఎంతసేపు పడుతుంది అన్నవి ముందు తేల్చుకోవాలి. ఈ రెండూ తెలిస్తే ఎంపిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. అందుకని మన ఇళ్లలో తలలోకీ పూజకూ పెంచుకునే పూలను అవి పూసే కాలాన్ని బట్టి పక్కపక్కన పెట్టి చూద్దాం. గులాబీ, మందారం ఇందులో లేవు. అవి దాదాపు ఏడాదంతా పూసేవి, వాటి లెక్క వేరు.

ముందు ఎండ సంగతి

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని విషయం ఒకటుంది. మన బాల్కనీలోకి వచ్చే ఎండ కాలాన్ని బట్టి మారిపోతుంది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీదకు వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కొద్దిగా ఉత్తరం వైపున ఉంటాడు. డిసెంబరు చివర మాత్రం దక్షిణానికి బాగా వాలిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తాడు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కడైనా ఈ తీరు ఇంతే, తేదీలు కొన్ని రోజులు అటూ ఇటూ అవుతాయి.

దీన్ని పూల భాషలోకి మార్చుకుంటే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. పైన స్లాబు ఉన్న దక్షిణపు బాల్కనీని తీసుకోండి. చలికాలంలో ఎండ వాలుగా లోపలి గోడ దాకా వస్తుంది. మండు వేసవిలో ఎండ అంతా పై స్లాబు మీదే పడుతుంది, కుండీలు రోజంతా నీడలో ఉంటాయి. మల్లెకు ఎండ కావలసింది సరిగ్గా ఆ వేసవి నెలల్లోనే. ఎంత ఎరువు వేసినా దక్షిణపు బాల్కనీలో మల్లె ఆకులతోనే సరిపెట్టడానికి కారణం ఇదే. అదే చోట చేమంతి మాత్రం నవంబరు నుంచి నిండుగా పూస్తుంది. తూర్పు బాల్కనీలో ఉదయపు ఎండ ఏడాదంతా ఎంతో కొంత ఉంటుంది, జాజికి అది చాలు. పడమటి వైపూ డాబా మీదా వేసవి ఎండ దండిగా దొరుకుతుంది, మల్లె స్థానం అక్కడ. ఉత్తరపు బాల్కనీలో వేసవిలో ఉదయం, సాయంత్రం కొంత ఎండ తగిలినా చలికాలమంతా నీడే. అక్కడ నీడకు ఓర్చుకునే నందివర్ధనం, కనకాంబరం తప్ప మిగతావాటిని పెట్టి వాటిని ఇబ్బంది పెట్టవద్దు.

మొక్క కొనేముందు ఒక ఆదివారం ఉదయం ఎనిమిదికి, పన్నెండుకి, మూడింటికి బాల్కనీలోకి వెళ్లి ఎండ ఎక్కడ పడుతోందో నేలమీద సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీతలు నర్సరీవాళ్ల సలహా కన్నా మీకు ఎక్కువ చెబుతాయి.

వేసవికి మల్లె, అందులోనూ ఏ మల్లె

ఫిబ్రవరి చివరినుంచి జూన్ దాకా మల్లెకు పోటీ లేదు. తర్వాత కూడా వానల్లో అడపాదడపా పూస్తుంది గానీ అసలు పూత మాత్రం ఎండల్లోనే. మైలవరం మల్లెలు బజారుకు వచ్చే రోజులూ, మన డాబా మీద మల్లె విరగబూసే రోజులూ ఒకటే.

నర్సరీలో మూడు రకాలు కనిపిస్తాయి. రేకులు ఒకే వరసలో ఉండి, కాడ పొడుగ్గా ఉండేది ఒకటి. పూలు పలచగా ఉన్నా ఎక్కువగా పూస్తుంది, మాల కట్టడానికి కాడ చక్కగా దొరుకుతుంది, వాసన కూడా దీనికే ఎక్కువని నా నమ్మకం. రెండోది బొద్దుగా గుండ్రంగా మొగ్గ తొడిగే బొడ్డు మల్లె. మొగ్గ నిదానంగా విచ్చుకుంటుంది కాబట్టి సాయంత్రం కట్టిన మాల రాత్రంతా నిలుస్తుంది. మూడోది చిన్న గులాబీలా దొంతర్లు దొంతర్లుగా రేకులుండే మల్లె. కుండీలో చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది గానీ పూలు తక్కువ, పువ్వు బరువు, మాలకు పనికిరాదు. దేవుడి పటం ముందు ఒక్క పువ్వు పెట్టుకునేవాళ్లకు అది చాలు. తలలో మాల కోసం పెంచేవాళ్లు మొదటి రెండింట్లోంచే తీసుకోవాలి. మల్లెకు కేటాయించే చోటు ఒక్క కుండీకే ఉంటే ఈ రెండింట్లో నేను బొడ్డు మల్లెనే సూచిస్తాను.

మల్లెను ఎంచుకునేవాళ్లు దానితోపాటు ఒక పనిని కూడా ఎంచుకుంటున్నట్టే. మల్లె కొత్త చిగుళ్ల చివరే మొగ్గ తొడుగుతుంది. పాత కొమ్మలను అలాగే వదిలేస్తే మొక్క గుబురుగా పెరిగి పచ్చగా కళకళలాడుతుంది, పువ్వు మాత్రం కనిపించదు. అందుకే మల్లె తోటల్లో నవంబరు చివరినుంచి నీరు తగ్గించి, నేలనుంచి సుమారు మూరెడు ఎత్తు వదిలి కొమ్మలు కత్తిరిస్తారు, మిగిలిన ఆకును దూసేస్తారు. కుండీ మొక్కను ఎత్తులో సగానికి కత్తిరిస్తే చాలు. కొన్ని వారాలపాటు కుండీలో మోడు కొమ్మలు తప్ప ఇంకేమీ ఉండవు. ఆ తర్వాత పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే ప్రతి కణుపు దగ్గరా లేత చిగురు బయటికి వస్తుంది. ప్రతి పూత అయ్యాక కూడా వాడిన పూల కింద రెండు ఆకుల మేర తుంచేస్తే కొన్ని వారాల్లో మరో విడత వస్తుంది. కొమ్మ మీద కత్తెర పెట్టడానికి మనసు ఒప్పనివాళ్లకు మల్లె సరిపడదు, వాళ్లు జాజి వైపు వెళ్లడమే మంచిది.

మల్లెను కాపాడుకోవడానికి మొగ్గను దగ్గరగా చూడటం అలవాటు చేసుకోండి. మొగ్గ పక్కన సన్నటి రంధ్రం, దాని చుట్టూ సన్నని దారాల గూడు ఉంటే లోపల మొగ్గ తొలిచే పురుగు ఉన్నట్టు. మొగ్గ ఎదగక ఊదారంగుకు తిరిగి రాలిపోతుంటే అది చిన్న ఈగ పిల్లల పని. రెండింటికీ మొదటి మందు మన వేళ్లే: అలాంటి మొగ్గలన్నీ తుంచి కవరులో మూటగట్టి పారేయాలి, కుండీలోనే రాల్చకూడదు. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లితే అదుపులోకి వస్తాయి. లేత ఆకులు పసుపురంగుకు మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదన్నమాట. బోరునీళ్లు పోసే ఇళ్లలో ఇది చాలా మామూలు. లీటరుకు 5 గ్రాముల అన్నభేది కలిపి ఆకుల మీద చల్లితే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి.

మల్లెనా, జాజినా

ఒకటే తెచ్చుకోవాలంటే ఏది? నేను జాజికే ఓటు వేస్తాను.

మల్లె నాలుగు నెలలు ఇంటిని ముంచెత్తి తర్వాత నెమ్మదిస్తుంది. జాజి ఒకేసారి అన్ని పూలు ఇవ్వదు, కానీ ఎండాకాలంలో మొదలుపెట్టి వానలన్నీ పూసి కార్తీకం దాకా రోజూ గుప్పెడో చారెడో ఇస్తూనే ఉంటుంది. శ్రావణ శుక్రవారం, వినాయక చవితి, దసరా, దీపావళి అన్నీ ఈ నెలల్లోనే వస్తాయి. పండగకు పూలధర ఆకాశాన్నంటే రోజుల్లో ఇంట్లో పూసేది ఇది. మల్లెతో పోలిస్తే ఎండ కొంచెం తక్కువైనా సర్దుకుంటుంది. మల్లె పొదగా కుండీలో ఒద్దికగా ఉంటుంది, జాజి తీగ కాబట్టి దానికి ఆధారం కావాలి. బాల్కనీ గ్రిల్లు ఉంటే అది వరమే. ఏమీ లేనిచోట నాలుగు వెదురు బొంగులు, కొంత జనపనార తాడు చాలు. ముదిరిన తీగ పందిరికి బాగా బరువవుతుంది, అందుకే డాబా మీద పందిరి వేసేవాళ్లు కాళ్లు గట్టిగా నిలబెట్టుకోవాలి.

జాజి పేరుతో నర్సరీల్లో రెండు మూడు వేర్వేరు తీగలు అమ్ముతారు. సన్నజాజి, విరజాజి అనే పేర్లు ఊరూరికీ మారిపోతుంటాయి, పేరు నమ్మి కొంటే వేరేది రావచ్చు. ఆకు చూసి కొనండి. ఒకే ఈనెకు రెండు వైపులా జతలుగా చిన్న ఆకులు, చివర ఒక పెద్ద ఆకు, మొత్తం ఏడు దాకా ఉండి, మొగ్గ అడుగున గులాబీ చాయ కనిపిస్తే అది నేను చెబుతున్న జాజి. అత్తరు తయారీకి పేరుపడ్డ రకం ఇదే. ఆకు ఒక్కటే ఉండి, దాని మొదట్లో చెవుల్లాగా రెండు బుల్లి ఆకులు అంటుకుని, మొగ్గ తెల్లగా సన్నగా ఉంటే అది ఇంకో రకం. హిందీవాళ్లు జూహీ అనేది దాన్నే. దీని పువ్వు మరీ చిన్నది, మాల కట్టడానికి చాలా ఓపిక కావాలి. కానీ సాయంత్రం అది విచ్చుకున్నాక గాలి ఎటు వీస్తే అటు మెత్తటి పరిమళం తేలి వస్తుంది. పూలు కోసుకోవడం మీ ఉద్దేశమైతే మొదటిది, కిటికీ పక్కన తీగ పాకించి వాసన ఆస్వాదించడం కావాలంటే రెండోది.

జాజి పువ్వు కాడకే నిలవాలని చూస్తే ఉదయానికి రాలిపోతుంది. సాయంత్రం నాలుగైదు గంటలకు, మొగ్గ తెల్లబడి ఉబ్బినప్పుడే కోసుకోవాలి. కోయకుండా వదిలేసినా నష్టం లేదు. ఈ తెల్లటి రాత్రి పూల దగ్గరకు చీకటి పడ్డాక పొడవాటి నాలుకల చిమ్మటలు వస్తాయి. లైటు ఆపేసి పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే, పువ్వు ముందు గాలిలోనే నిలబడి తేనె పీల్చే చిమ్మటను చూడవచ్చు.

జాజికి కత్తిరింపు అక్కర్లేదని కాదు. డిసెంబరు చివరనుంచి జనవరిలో ఒకసారి తీగలను నడుములోతుకు కుదించాలి. చేయకపోయినా మల్లెలా పూర్తిగా మొండికేయదు, తీగ చిక్కుపడి పూలు అందనంత పైకి వెళ్లిపోతాయి, అంతే.

వానలు, శరత్తు: పారిజాతం, నేల సంపెంగ, బంతి

ఆగస్టు నుంచి నవంబరు దాకా పెరడున్న ఇంట్లో పారిజాతం ఒక్కటి ఉంటే ఉదయాలే వేరుగా ఉంటాయి. రాత్రి విచ్చి తెల్లవారుతుండగా రాలిపోయే పువ్వు ఇది. చెట్టు కింద ముందురోజు సాయంత్రం నేల ఊడ్చి పాత గుడ్డ పరిస్తే ఉదయానికి శుభ్రమైన పూలు దొరుకుతాయి. నారింజరంగు కాడ పైకి తిరిగి, తెల్లటి రేకులు నేలను తాకుతూ పడి ఉన్న పువ్వును అరచేతిలోకి తీసుకోండి. రేకులు ఒక్కోదానికి ఐదు, కొన్నింటికి ఏడెనిమిది కూడా ఉంటాయి. ఆ కాడల నుంచే పూర్వం పట్టుబట్టలకు రంగు తీసేవారు.

దీనికి ప్రతిగా ఇవ్వాల్సింది చోటు. నేలలో పెంచితే చిన్న చెట్టే అవుతుంది. పెద్ద డ్రమ్ములో ఏటా కత్తిరిస్తూ ఐదారు అడుగుల్లో నిలుపుకోవచ్చు, కానీ పూలు ఆ మేరకే వస్తాయి. వేసవిలో ఆకు రాల్చి కళ తప్పుతుంది. అప్పుడు చచ్చిపోయిందని పీకేయకండి, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. బాల్కనీవాళ్లకు నేను దీన్ని సూచించను. పూలన్నీ కింది అంతస్తువాళ్ల మీదకు రాలిపోతాయి.

వాళ్లకు ఈ కాలంలో నేల సంపెంగ మేలు. బజారులో లిల్లీ పూలని అమ్మేది ఇదే. ఫిబ్రవరి, మార్చిల్లో దుంపలు నాటితే మూడు నెలలు దాటాక పూల కాడలు లేస్తాయి, వానలంతా ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. కుండీలో ఐదారు దుంపలు పడతాయి. ఒక్క కాడ కోసి నీళ్లలో పెడితే కింది పువ్వునుంచి పై మొగ్గ దాకా వరసగా విచ్చుకుంటూ వారంపాటు గదంతా వాసన నింపుతుంది. రేకులు ఒకే వరసలో ఉన్న రకానికే వాసన ఎక్కువ. దొంతర రకం మొగ్గలు ఒక్కోసారి సరిగా విచ్చుకోవు.

బంతి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఎందుకంటే అది ఎవరి ఇంట్లోనైనా వస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సింది తేదీ ఒక్కటే. విత్తిన రెండు నెలలకు పైగా పడుతుంది పూతకు రావడానికి. బతుకమ్మకూ దసరాకూ ఇంటి బంతిపూలు కావాలంటే జులైలో విత్తాలి. సంక్రాంతి గొబ్బెమ్మల కోసమైతే అక్టోబరులో. నెల దాటాక మొక్క నడినెత్తి చిగురు గిల్లేస్తే పక్క కొమ్మలు వచ్చి పూలు రెట్టింపవుతాయి.

చలికాలపు ఖాళీ

నవంబరు చివరినుంచి ఫిబ్రవరి దాకా మల్లె నిద్రలో ఉంటుంది, జాజి అలసిపోతుంది, పారిజాతం ఆగిపోతుంది. చాలా ఇళ్లలో పూలు లేని నెలలు ఇవే. ఎంపికలో అందరూ మరిచిపోయేదీ ఈ నెలలనే. ఇక్కడ పోటీ చేమంతికీ కాగడా మల్లెకూ మధ్య.

చేమంతికి అందం, రంగు, నిలవ ఉండే గుణం అన్నీ ఉన్నాయి. కోసిన పువ్వు వారం రోజులు వాడదు. కానీ ఇది రాత్రి నిడివి చూసుకుని పూసే మొక్క. రాత్రులు పొడవు పెరుగుతున్నాయని తెలిస్తేనే మొగ్గ తొడుగుతుంది. అందుకే వీధిదీపం కింద గానీ, రాత్రంతా వెలిగే బాల్కనీ లైటు కింద గానీ పెట్టిన చేమంతి ఆకులు పెంచుకుంటూ పోతుంది, మొగ్గ వేయదు. పక్కింట్లో అదే రకం విరగబూస్తుంటే మన ఇంట్లో ఎందుకు పూయదో తెలియక ఎరువు మీద ఎరువు వేస్తుంటారు. సెప్టెంబరు నుంచి పగలు ఎండ తగిలి, రాత్రి లైటు పడని చోటికి జరిపితే చాలు. చేమంతి ఏడాది మొత్తం పని కోరుతుందన్నది కూడా నిజమే: పూత అయ్యాక నేలనుంచి కొన్ని అంగుళాలు మాత్రమే వదిలి కత్తిరించాలి, వేసవిలో పిలకలను పలచటి నీడలో బతికించుకోవాలి, జూన్, జులైల్లో పిలకలు విడదీసి కొత్త కుండీల్లో నాటాలి, నెల తర్వాత తల గిల్లాలి. అంత తీరిక లేనివాళ్లు నవంబరులో మొగ్గమీద ఉన్న మొక్క కొనుక్కుని, పూత అయ్యాక ఎవరికైనా ఇచ్చేయడంలో తప్పులేదు. పూసినప్పుడు కొనకూడదన్న నా మాటకు చేమంతి ఒక్కటే మినహాయింపు.

కాగడా మల్లె దీనికి పూర్తిగా వేరు. ఆకుల మీద మెత్తటి నూగు, సన్నటి రేకులతో నక్షత్రంలాంటి తెల్లటి పువ్వు, వాసన దాదాపు లేదు. వాసన లేదని దీన్ని చిన్నచూపు చూడటం నాకు బాధగా ఉంటుంది. చలికాలంలో ఏ మల్లె జాతీ లేని రోజుల్లో ఇది గంపెడు పూస్తుంది. పురుగు తక్కువ, నీరు రెండు రోజులు మరిచినా బతుకుతుంది, కత్తిరించినా కత్తిరించకపోయినా పూస్తుంది. దీని పక్కన ఒక చిన్న కుండీలో మరువం పెంచండి. కాగడా పూల మధ్య మరువం రెబ్బలు పెట్టి, కనకాంబరాలు కలిపి కదంబం కట్టితే వాసన కొరత తీరిపోతుంది. మరువానికి నీరు నిలవకూడదు, వానల్లో సన్‌షేడ్ కిందకు చేర్చాలి. చలికాలంలో ఎంత కోస్తే అంత చిగురిస్తుంది.

రెండింట్లో ఒకటంటే, రాత్రి లైట్లు పడని దక్షిణపు బాల్కనీకి చేమంతి. మిగతా ఎక్కడైనా కాగడా.

నీడ ఉన్నచోట

కనకాంబరం, నందివర్ధనం రెండూ రోజుకు రెండు మూడు గంటల ఎండతో బతికేస్తాయి, గులాబీ, మందారాల్లాగే ఇవీ దాదాపు ఏడాదంతా పూసేవే అయినా, నీడచోటు కోసం వీటిని ఇక్కడ చేర్చాను. కనకాంబరానికి నీరు నిలిస్తే వేరు కుళ్లి రెండు రోజుల్లో మొక్క వాడిపోతుంది. వేళ్లలో నులిపురుగుల బెడద కూడా ఉంది, అందుకే మట్టిలో గుప్పెడు వేపపిండి కలిపి నాటాలి. ఢిల్లీ కనకాంబరం రంగు ముదురుగా, పువ్వు పెద్దదిగా ఉంటుంది గానీ గింజ కట్టదు, కొమ్మ ముక్కల నుంచే పెంచాలి. నాటు రకానికి ఎండిన కాయలు వస్తాయి. పిల్లలున్న ఇంట్లో నాటు రకమే ఉండాలని నేనంటాను. ఆ ఎండు కాయను నీళ్లలో వేసి చూస్తుంటే కాసేపటికి టప్పున పగిలి గింజలు ఎగిరి దూరంగా పడతాయి. చెట్టు తన గింజను వానకాలంలోనే చల్లుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. పిల్లలకు ఒక్కసారి చూపిస్తే చాలు, ఆ మొక్కకు నీళ్లు పోసే బాధ్యత వాళ్లే తీసుకుంటారు.

నందివర్ధనం ఇంకా తేలిక. పూజకు రోజూ తెల్లటి పూలు కావలసినవాళ్లకు ఇంతకు మించిన మొక్క లేదు. ఒక్కోసారి ఆకులు రాత్రికి రాత్రి మాయమవుతాయి. వెతికితే వేలంత లావున్న ఆకుపచ్చ గొంగళి పురుగు కనిపిస్తుంది. తాకబోతే తల ముడుచుకుని నీలిరంగు కళ్లలాంటి రెండు మచ్చలు చూపించి బెదిరిస్తుంది. అది గన్నేరు చిమ్మట పిల్ల. మొక్క పెద్దదైతే వదిలేయండి, ఆకులు మళ్లీ వస్తాయి. ఆ పురుగు పెరిగి అయ్యే చిమ్మట పచ్చటి పాలరాతి చారికల రెక్కలతో మన రాత్రి పూలకు వచ్చే అతిథుల్లో ఒకటి.

పెరడు, అద్దె ఇల్లు, విదేశం

నేల ఉన్నవాళ్లు ఒక చెట్టునైనా పెట్టుకోవాలి. సంపెంగకు సింహాచలం అంత పేరు తెచ్చింది, కానీ విత్తన మొక్క పూయడానికి ఏళ్లు పడుతుంది. అంటుమొక్క అయితే ఒకటి రెండేళ్లలోనే పూస్తుంది, కొనేటప్పుడు కాండం మీద అంటు కట్టిన ముడి చూసుకోండి. ఎండను చల్లబరిచే నీడ కూడా కావాలంటే పొగడ. రాలిన పూలు ఎండాక కూడా వాసన పోదు, బట్టల పెట్టెలో వేసుకోవచ్చు. చెట్టుకు చోటులేక ప్రహరీ ఒక్కటే ఉంటే మనోరంజితం పాకించండి. పచ్చటి పువ్వు ఆకుల్లో కనబడదు, పసుపుకు తిరిగాక పండిన పళ్లలాంటి వాసనతో తానున్న చోటు చెబుతుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం గన్నేరు, నైట్ క్వీన్ (రాత్ కీ రాణీ) పెట్టకుండా ఉంటే మంచిది. రెండూ విషపు మొక్కలే.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు తీగలకు దూరంగా ఉండాలి. గ్రిల్లుకు అల్లుకున్న జాజిని విడదీసి వేరే ఇంటికి తీసుకెళ్లడం దానికీ మనకూ కష్టమే. బొడ్డు మల్లె, కనకాంబరం, నేల సంపెంగ దుంపలు ఏ ఇంటికైనా సులువుగా వెంట వస్తాయి.

అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల ఉన్న తెలుగువాళ్లు జాజి కన్నా బొడ్డు మల్లెనే ఎంచుకోవాలి. పొదగా ఉంటుంది కాబట్టి కుండీని లోపలికీ బయటికీ మార్చుకోవచ్చు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందకు దిగకముందే లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టండి. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏ కాలంలోనైనా దక్షిణానే ఉంటాడు. హీటర్ల పొడిగాలికి ఎర్రనల్లి పడుతుంది, ఆకుల అడుగున వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. చలికాలమంతా నీరు తక్కువ, మంచు భయం పోయాక బయటకు.

రెండే కుండీలకు చోటుంటే

తూర్పు బాల్కనీలో జాజి, కాగడా పెట్టండి. ఈ రెండింటితో దాదాపు ఏడాదంతా ఇంట్లో పువ్వు ఉంటుంది. డాబా లేదా పడమటి బాల్కనీ అయితే మల్లె, కాగడా. దక్షిణానికి చేమంతి, కనకాంబరం. ఉత్తరానికి నందివర్ధనం, నాటు కనకాంబరం. మూడో కుండీకి చోటుంటే మరువం ఎక్కడైనా చేర్చుకోవచ్చు.

కొనాల్సిన కాలం చాలావాటికి ఒకటే: జూన్ చివర, జులైలో, రెండు మంచి వానలు పడ్డాక. మల్లె, జాజి, కాగడా, కనకాంబరం, పారిజాతం అప్పుడు నాటితే వేసవి నాటికి వేరు బలపడుతుంది. తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక ప్రాంతపు నర్సరీల నుంచి కూడా కొత్త మొక్కలు ఆ రోజుల్లో ఎక్కువగా వస్తాయి. పూలున్న మొక్కకు ఆశపడకండి. కింది నుంచే మూడు నాలుగు కొమ్మలు వచ్చినది, ఆకుల అడుగున గూడు గానీ ఎర్రటి చుక్కలు గానీ లేనిది, కవరు అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బాగా బయటికి రానిది తీసుకోండి. వేర్ల చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా ఉంటే, బకెట్టు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పై పొరను వేళ్లతో మెల్లగా వదిలించి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొంత ఇసుక కలిపిన మట్టిలో నాటండి. కుండీ 12 అంగుళాలకు తగ్గకూడదు. నాటిన వారం పాటు నీడలోనే ఉంచి, ఆ తర్వాత మీరు సుద్దముక్కతో గీసిన గీతల లోపలికి జరపండి.